అజులా గతికి తప్పంతా ఆమెదేనా?

నీలిమంట:
‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ యానిమేషన్ సీరీస్ ఈమధ్య తమ్ముడితో కలిసి మళ్లీ మొదటి నుంచి చూశాను. 61 ఎపిసోడ్లూ అయ్యాయి. చివర్లో అగ్నిరాజ్య యువరాణి అజులాను, హీరో పక్షాన పోరాడే కటారా గొలుసులతో కట్టేస్తుంది కదా. ఆ పిల్ల నేల మీద పడి ఏడుస్తూ నోట్లోంచి నీలి మంటలు కక్కుతుంటే మావాడు "బాగా అయింది, చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" అన్నాడు. చాలామంది ఫ్యాన్స్ మాటా అదే. నాకు మాత్రం మింగుడుపడలేదు.

అజులా వయసు 14 ఏళ్లు. రెండో సీజన్ మొదట్లో ఓడ మీద మెరుపు విసరడం సాధన చేస్తుంది. ఎంతో కష్టమైన విద్య, చక్కగా చేసి చూపించింది. పక్కనున్న ముసలి కవల గురువులు మాత్రం ఒక్క వెంట్రుక చెదిరిందంటారు. ఆమె మొహం మారిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. 99 మార్కులు తెచ్చిన పిల్లని "ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?" అని అడిగే ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ సీన్ ఎవరూ వివరించక్కర్లేదు. నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే.

ముగింపులో అదే జుట్టు మాట వినడం లేదని అద్దం ముందు నిలబడి తన చేత్తోనే కత్తిరించేసుకుంటుంది. ఆ అద్దంలోనే, ఎప్పుడో వెళ్లిపోయిన అమ్మ కనిపిస్తుంది. ఇది చూసి "తగిన శాస్తి" అని ఎలా అనగలం?

రాతిగోడ:
నేను అనగలను. అజులా అన్న జుకోదీ అదే తండ్రి కదండీ. 13 ఏళ్లకే తండ్రి ఓజాయ్ అతని మొహం కాల్చి దేశం నుంచి వెళ్లగొట్టాడు. అయినా జుకో మంచివాడిగా మారాడు. అన్న మొహం కాలుతుంటే అజులా పిడికిలి బిగించి నవ్వుతూ చూసింది, అది మర్చిపోయారా?

స్నేహితురాలు టై లీ సర్కస్‌లో హాయిగా ఉంది, తనతో రానంది. అజులా ఏం చేసింది? తాడు మీద ఆమె విన్యాసాలు చేస్తుంటే కింద ఉన్న వలకి నిప్పు పెట్టించింది. ఆ పని తండ్రి చెప్పలేదు. భూరాజ్యాన్ని మొత్తం తగలబెట్టాలన్న సలహా కూడా తండ్రికి ఇచ్చింది ఆవిడే. ఇంకో స్నేహితురాలు మేయ్, టై లీ చివరికి ఎదురు తిరిగారంటే ఎవరి పుణ్యం?

సముద్రపుగాలి:
తల్లి సంగతి ఎవరూ ఎత్తలేదేం? బీచ్ ఎపిసోడ్‌లో మంట చుట్టూ కూర్చున్నప్పుడు అజులా చెబుతుంది, అమ్మ నన్ను రాక్షసి అనుకుందని. అది నిజమేనట, అయినా బాధేసిందట. సీరీస్ మొత్తంలో ఆమె మనసు విప్పింది అక్కడొక్కచోటే అనిపిస్తుంది నాకు. ఆ వెంటనే మళ్లీ మూసేసుకుంటుంది.

నీలిమంట:
రాతిగోడ గారూ, చేసినవన్నీ ఆమె చేసినవే, కాదనను. వల కింద మంట సీన్ నాకూ వెన్నులో వణుకు పుట్టిస్తుంది. కానీ జుకోతో పోలికే నాకు నచ్చనిది. జుకో వెంట పెదనాన్న ఐరో ఉన్నాడు. మూడేళ్లు ఓడలో, తర్వాత ఊరూరా, తిట్టినా విసుక్కున్నా వదల్లేదు. జుకో ద్రోహం చేశాక కూడా కౌగిలించుకుని క్షమించాడు. అజులా వెంట ఎవరున్నారు?

చిన్నప్పుడు ఐరో భూరాజ్య రాజధాని బా సింగ్ సే ముట్టడి నుంచి పిల్లలకి బహుమతులు పంపాడు. జుకోకి బాకు, అజులాకి బొమ్మ. ఆమె బొమ్మని కాల్చేసింది. చెడ్డ పిల్ల అనుకుంటాం. కానీ ఆ పిల్లకి ఏం ఇష్టమో పెదనాన్నకి తెలియదని కూడా అందులోనే ఉంది. తర్వాత జుకో చెల్లెలితో సర్దుకుపోవాలేమో అని సందేహపడితే ఐరో అక్కడికక్కడే కొట్టిపారేశాడు, ఆమెకి పిచ్చి, ఆమెని పడగొట్టాల్సిందేనని. సీరీస్ మొత్తంలో అందరికన్నా దయగల మనిషి అన్న మాట అది!

అన్నకి పట్టిన గతిని కళ్లారా చూసిన పిల్ల ఏం నేర్చుకుంటుంది? నాన్నకి నచ్చకపోతే అంతే సంగతులని. అందుకే అగ్నివిద్యకి బలం పెంచే తోకచుక్క వచ్చిన రోజు ఓజాయ్ ఆమెని వదిలి యుద్ధానికి బయల్దేరితే, నన్ను జుకోలా చూడొద్దని అరుస్తుంది. దానికి ముందే మేయ్, టై లీ దూరమయ్యారు. ఇక చెర్రీపండులో ఒక్క గింజ వచ్చిందని దాసీని వెళ్లగొట్టడం, కాపలావాళ్లనీ గురువునీ తరిమేయడం... అది కొవ్వు కాదండీ, భయం.

రాతిగోడ:
ఐరో విషయం ఒప్పుకుంటాను, ఆ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. పెంపకం చెడింది, సరే. కానీ చిన్నప్పటి నుంచీ ఆమె పక్కన నిలబడినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దర్నీ భయపెట్టే ఉంచుకుంది. టై లీ ఆ వల మీద నిజంగా పడి ఉంటే మీరు ఇదే మాట అనేవారా? నేను అనలేను. ఈ వారాంతం రెండో సీజన్ మళ్లీ చూస్తాను. మీరు చెప్పిన వెంట్రుక సీన్ చూశాక వచ్చి రాస్తాను.