ఎఫ్‌కేకే బీచ్‌లో బట్టలతో కూర్చుంటే తప్పా?

బాల్టిక్_బాబు:
మేం జర్మనీలోని రోస్టాక్‌లో మాస్టర్స్ చేస్తున్నాం. పోయిన శనివారం నలుగురం వార్నెముండే బీచ్‌కి వెళ్ళి, లైట్‌హౌస్ దగ్గర్నుంచి పడమరగా నడుచుకుంటూ పోయాం. జనం పల్చబడ్డాక ఎఫ్‌కేకే అని బోర్డు కనిపించింది. అక్కణ్ణుంచి బట్టల్లేకుండా స్నానం చేసేవాళ్ళ చోటన్నమాట. తెలిసే వెళ్ళాం, అది దాచను. షార్ట్స్, టీషర్టులతోనే ఇసుకలో కూర్చున్నాం. మావాడొకడు ఊళ్ళో ఉన్న బావమరిదికి వీడియో కాల్ చేసి సముద్రం చూపించడం మొదలుపెట్టాడు.

మాకు పదడుగుల దూరంలో అరవై ఏళ్ళ పెద్దావిడ బోర్లా పడుకుని, కాగితం పొట్లంలోంచి చెర్రీలు తింటూ పుస్తకం చదువుకుంటోంది. ఫోన్ అటు తిరగ్గానే పొట్లం పక్కన పెట్టేసి, టవల్ లాక్కుని మెడదాకా కప్పుకుంది. కాసేపటికి ఒకాయన వచ్చి, "ఫోన్ సంచిలో పెట్టండి. ఇక్కడ ఉండాలంటే బట్టలు తీయాలి. తీయలేకపోతే అందరూ కలిసి కూర్చునే భాగం అటుంది, అక్కడికి వెళ్ళండి" అన్నాడు. గొంతు పెంచలేదు. మావాడు మాత్రం ఇది రేసిజం అంటున్నాడు. తప్పు మాదే అని నేనంటున్నాను. నాలుగు రోజులుగా రూమ్‌లో ఇదే గొడవ. మీరేమంటారు?

దూరపు_కొండ:
ఫోన్ తప్పు, ఒప్పుకుంటా. బట్టలు తీయమనడం ఏంటి బ్రో? బీచ్ అందరిదీ. వాళ్ళని ఎవరూ కట్టుకోమనట్లేదు కదా, మనల్ని విప్పమనడం ఎందుకు? వాళ్ళ స్వేచ్ఛ వాళ్ళదైతే మన సిగ్గు మనది. పైగా అదే చోట నలుగురు జర్మన్ కుర్రాళ్ళు షార్ట్స్‌తో కూర్చుంటే ఆయన లేచి వచ్చేవాడా?

హాంబర్గ్_వదిన:
వచ్చేవాడేమో, రాడేమో, ఆయన మనసులో ఏముందో మనం చెప్పలేం. రూల్ మాత్రం అందరికీ ఒకటే. రోస్టాక్ నగరం 2024లో బీచ్ నియమాలు మార్చి, ఎఫ్‌కేకే భాగాల్లో బట్టలతో ఉండకూడదని రాసింది. వినకపోతే బీచ్ కాపలాదార్లు బయటికి పంపించేయొచ్చు. అక్కడి తీరంలో మూడు రకాల భాగాలున్నాయి. ఒకటి ఎఫ్‌కేకే, ఒకటి బట్టలేసుకునేవాళ్ళది, ఇంకోటి రెండూ కలిసింది. బట్టలవాళ్ళని ఇక్కడ టెక్స్‌టిల్ అంటారు. అంటే మన సిగ్గుకి కూడా వాళ్ళు చోటు ఇచ్చారు తమ్ముడూ. అది వదిలేసి ఇటు వచ్చి కూర్చోవడం దేనికి?

ఈ అలవాటు వాళ్ళకి ఊరికే రాలేదు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1954లో బాల్టిక్ తీరంలో దీన్ని నిషేధిస్తే జనం ఊరుకోలేదు. 1956లో మళ్ళీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ చెర్రీల ఆవిడ చిన్నప్పట్నుంచీ అమ్మానాన్నలతో అలాగే ఈది ఉండొచ్చు.

మాది కొవ్వూరు. నా చిన్నప్పుడు గోదావరి రేవులో ఆడవాళ్ళు తడి చీరలు మార్చుకుంటుంటే, మెట్లు దిగే మగవాళ్ళు ముందుగానే ఓసారి దగ్గి, తల తిప్పుకుని పోయేవాళ్ళు. ఎవరూ బోర్డు పెట్టలేదు. 2015 పుష్కరాల్లో గట్టు మీద ఫోన్లు పైకెత్తి నిలబడ్డవాళ్ళని చూసి మా అత్త స్నానం చేయకుండానే వెనక్కి వచ్చేసింది. ఆ పెద్దావిడ టవల్ లాక్కుందని చదవగానే నాకు మా అత్త మొహమే గుర్తొచ్చింది.

బార్సిలోనా_బుల్లోడు:
ఊరికో పద్ధతి అండీ. ఇక్కడ మార్ బెయా బీచ్‌లో బట్టలున్నవాళ్ళూ లేనివాళ్ళూ పక్కపక్కనే ఉంటారు, ఎవరూ ఏమీ అనరు. ఇదే ఊళ్ళో 2011 నుంచి వీధిలో అలా తిరగడం నిషేధం, ఇసుక దాటితే కట్టుకోవాల్సిందే. ఫ్రాన్స్‌లో కాప్ డాగ్డ్ దగ్గర ఏకంగా ఊరే ఉంది. గేటు దగ్గర టికెట్ కొని లోపలికెళ్తే దుకాణాల్లో కూడా అలాగే తిరుగుతారు. కాబట్టి బట్టలు తీయాలా వద్దా అన్నది ఆ చోటు బోర్డు చూసి తెలుసుకోవాలి. మిగతాది నేను వెళ్ళిన ప్రతిచోటా ఒకటే. కింద టవల్ వేయకుండా ఎక్కడా కూర్చోరు. కెమెరా తీయరు. బీచ్ అంతా ఖాళీగా ఉంటే ఒకరి పక్కనే వెళ్ళి చేరరు. మాట్లాడితే మొహం చూసే మాట్లాడతారు.

దూరపు_కొండ:
వదిన గారూ, రేవు సంగతి చదివాక నేను కాస్త తగ్గాను. నా కోపం ఎక్కడ మొదలైందో కూడా చెప్తా. పోయినేడాది బెర్లిన్‌లో ఒక సరస్సు దగ్గర నేనూ అందరిలాగే బట్టలు తీసి, టవల్ పరుచుకుని కూర్చున్నా. ఫోన్ బయటికి కూడా తీయలేదు. అయినా ఒకతను వచ్చి "మీవాళ్ళు చూడ్డానికే వస్తారు" అన్నాడు. నా చూపు నీళ్ళ మీదే ఉంది. బట్టలేసుకుని వచ్చేశా. మళ్ళీ వెళ్ళలేదు.

హాంబర్గ్_వదిన:
అది రేసిజమే తమ్ముడూ. చాలా బాధేసింది చదువుతుంటే. నువ్వు పద్ధతి పాటించావు, నిన్ను అవమానించారు. వీళ్ళు పద్ధతి తప్పారు, ఆయన దారి చూపించాడు. రెండింటినీ ఒకే గాటన కట్టకు. అలా కడితే నీకు జరిగినదానికే విలువ తగ్గిపోతుంది.

బాబూ, నీ ఫ్రెండ్‌కి ఇంకో మాట. జర్మనీలో మనిషి ఫోటోని అనుమతి లేకుండా పంచకూడదన్న చట్టం 1907 నుంచే ఉంది. ఆ కాల్‌లో ఏమైనా సేవ్ చేశారా, చూడండి.

బాల్టిక్_బాబు:
చూశాం అక్కా. రెండు స్క్రీన్‌షాట్లున్నాయి. ఒకదాంట్లో ఆవిడ భుజం, చెర్రీల పొట్లం కనిపిస్తున్నాయి. అది చూసి మావాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తీసేశాడు, బావమరిదికి ఫోన్ చేసి అక్కడ కూడా తీయించాడు. ఆయన వచ్చి చెప్పిన తీరు నచ్చలేదని మాత్రం ఇంకా అంటున్నాడు.

వచ్చే శనివారం కలిసి కూర్చునే భాగానికి వెళ్తున్నాం. నేను బట్టల్లేకుండానే ఈదాలనుకుంటున్నా. మిగతా ముగ్గురూ ఎలా వచ్చినా సరే అన్నాను. దూరపు_కొండ అన్నా, మీరు ఈ వైపు వస్తే మాతో రండి. వదినా, టవల్ ఎంత పెద్దది కావాలి?

హాంబర్గ్_వదిన:
ఒళ్ళంతా పట్టేది ఒకటి, తుడుచుకోవడానికి ఇంకోటి. ఐస్‌క్రీమ్ బండి దగ్గరికి వెళ్ళేటప్పుడు లుంగీ చుట్టుకుంటే చాలు. ఎప్పుడూ ఎండ తగలని చోట సన్‌స్క్రీన్ ఇంటి దగ్గరే రాసుకోండి. నీళ్ళు జులైలో కూడా చల్లగానే ఉంటాయి, ఒక్కసారిగా దూకకండి.