శాట్ మూడోసారి రాస్తే కాలేజీలు చిన్నచూపు చూస్తాయా?

నిద్రలేని నాన్న:
మా అమ్మాయి ఈ ఫాల్‌లో ట్వెల్త్ గ్రేడ్‌కి వెళ్తుంది. మార్చిలో శాట్ (అమెరికా కాలేజీల అడ్మిషన్ పరీక్ష) రాస్తే 1380 వచ్చింది: మ్యాథ్ 760, రీడింగ్-రైటింగ్ 620. జూన్‌లో మళ్లీ రాసింది, 1400. ఈసారి రీడింగ్-రైటింగ్ 680కి ఎక్కింది, మ్యాథ్ 720కి దిగింది. ఆగస్టులో మూడోసారి రాస్తానంటోంది. మూడు స్కోర్లూ పక్కపక్కన చూసినవాళ్లు "ఈ పిల్లకి పరీక్షలు రాయడమే పనా?" అనుకోరూ? మా ఆవిడేమో "మీరు డ్రైవింగ్ టెస్టుకి ఎన్నిసార్లు వెళ్లారో లైసెన్సు మీద రాశారా?" అంటోంది.

పాత కౌన్సెలర్:
మీ ఆవిడ మాట నిజం అండీ. మీకు 1400 కనిపిస్తోంది కానీ చాలా కాలేజీలు చూసేది 1440. మార్చి 760, జూన్ 680 కలిపేస్తారు. దాన్నే సూపర్‌స్కోర్ అంటారు. ఎంఐటీ కూడా ఒక్కో సెక్షన్‌లో వచ్చిన పెద్ద స్కోరునే చూస్తుంది. పైగా 2009 నుంచి స్కోర్ చాయిస్ ఉంది, ఏ తేదీ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. జార్జ్‌టౌన్ లాంటి కొన్ని మాత్రం రాసినవన్నీ పంపమంటాయి. శాట్, ఏసీటీ (శాట్ లాంటిదే ఇంకో అడ్మిషన్ పరీక్ష) కలిపి ఒక సూపర్‌స్కోర్ చేయడం మాత్రం కుదరదు.

ఇదేదో పిల్లల మీద ప్రేమ అనుకోకండి. చేరినవాళ్ల స్కోర్లలో 25వ, 75వ పర్సెంటైల్ (కింది నుంచి పావు వంతు, ముప్పావు వంతు దగ్గర పడే స్కోర్లు) ఎంతో కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పట్టికలో చూపిస్తాయి. అక్కడ 1400 బదులు 1440 పడితే కాలేజీకే గొప్ప.

లెక్కల మాస్టారు:
మరి ఇది న్యాయమేనా? ఆ 760, ఆ 680 ఒకే రోజు రాలేదు కదా. ఎవరి స్కోరైనా అటూ ఇటూ 30, 40 పాయింట్లు ఊగుతుందని పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే చెబుతుంది. ఊగిన ప్రతిసారీ పై అంచుని పట్టుకుని దాచుకుంటే, నాలుగుసార్లు రాసినవాడి స్కోరు చదువు లేకుండానే కాస్త పెరుగుతుంది. ఒక్కసారే రాసినవాడి మాటేమిటి? ఒక్కో పరీక్షకి దాదాపు 70 డాలర్లు, కోచింగ్ ఖర్చు వేరే. నన్నడిగితే అన్నిటి సగటు తీయాలి.

పాత కౌన్సెలర్:
మాస్టారూ, సగటు తీస్తే టెన్త్ గ్రేడ్‌లో తొందరపడి రాసిన పిల్ల ఆ భారం చివరిదాకా మోయాలి. ఏసీటీ పరిశోధకులు ఈ పద్ధతులన్నీ పోల్చి చూశారు. కాలేజీ మొదటి ఏడాది గ్రేడ్లను ఊహించడంలో సూపర్‌స్కోర్ సగటుకి ఏమీ తీసిపోలేదు. మళ్లీ మళ్లీ రాసే పట్టుదల కాలేజీలోనూ పనికొస్తుందేమో అని నా అనుమానం.

లెక్కల మాస్టారు:
ఏసీటీ వాళ్లు ఇంకేం చెబుతారమ్మా! ఎన్నిసార్లు రాస్తే వాళ్లకి అన్ని ఫీజులు.

రెండో ఏడు విద్యార్థి:
అంకుల్, మీ కోపం సరైనదే కానీ గురి తప్పింది. ముగ్గురు ఆర్థికవేత్తలు (గుడ్‌మన్, గురాంట్జ్, స్మిత్) 2020లో ఒక పేపర్ వేశారు. శాట్ రాసినవాళ్లలో సగం మందే రెండోసారి రాస్తున్నారు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు ఇంకా తక్కువ. తమాషా ఏమిటంటే 1190 వచ్చినవాళ్లు మళ్లీ రాస్తారు, 1200 వచ్చినవాళ్లు "చాల్లే" అని ఆగిపోతారు. బాటా చెప్పులు 199 అన్నట్టే, మొదటి అంకె మాయ. ఆ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లని పోల్చి చూస్తే, మళ్లీ రాసినవాళ్ల స్కోరు గట్టిగానే పెరిగింది, నాలుగేళ్ల కాలేజీలో చేరే అవకాశమూ పెరిగింది. ఎక్కువ లాభం పేద పిల్లలకే.

నేను ఫీజు మినహాయింపు మీద రాశాను. రెండు శాట్‌లు ఉచితమని మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఒక్కటి రాసి ఊరుకున్నాను. సగటు తీసినా, సూపర్‌స్కోర్ చేసినా నాకు ఒరిగేదేముంది, నా దగ్గర ఉన్నది ఒకే అంకె.

లెక్కల మాస్టారు:
ఆ సంగతి నాకు తట్టలేదు బాబూ. అయినా నాలుగోసారి, ఐదోసారి రాసేవాళ్ల గురించి నా మాట నాదే.

పాత కౌన్సెలర్:
ఐదోసారి వద్దని నేనూ చెబుతాను. స్కోరు చెడిపోతుందని కాదు, ఆ శనివారాలన్నీ అప్లికేషన్ వ్యాసాలు రాసుకోవడానికి కావాలి. నాన్నగారూ, లిస్టులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లే ఉంటే అసలు బెంగే లేదు, అడ్మిషన్‌కి వాళ్లు శాట్ చూడరు.

నిద్రలేని నాన్న:
ఆగస్టుకి ఫీజు కట్టేశాను. 760 చేతిలో ఉంది కాబట్టి మ్యాథ్ పుస్తకం ముట్టదట, రీడింగ్-రైటింగ్ మీదే కూర్చుంటుందట. జార్జ్‌టౌన్ లిస్టులో ఉంది. మూడూ పంపిస్తాం. "మ్యాథ్ ఇంకా తగ్గితే వాళ్లూ చూస్తారుగా" అన్నాను. "చూడనీ నాన్నా" అని తలుపేసుకుంది.