పాత తోట ఇంట్లో రెస్టారెంట్: ఇల్లు నిలబడినందుకు కూడా మనమే డబ్బు కట్టాలా?

కడప_కోడలు (బెంగళూరు):

ఇక్కడ పాత తోట ఇళ్లను, బంగళాలను వరసపెట్టి రెస్టారెంట్లుగా మార్చేస్తున్నారు కదా, దీని మీద మీరంతా ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది. నా మాట ముందే చెప్పేస్తా. ఇల్లు పాతదన్న ఒక్క కారణంతో తిండికి రెట్టింపు ధర పెట్టడం అన్యాయం.

మొన్న మా అత్తయ్యనీ మామయ్యనీ వైట్‌ఫీల్డ్ అవతల ఇలాంటి ఒక రైతు ఇంటికి భోజనానికి తీసుకెళ్లాం. నూరేళ్లు దాటిన ఇల్లని గేటు దగ్గరే బోర్డు పెట్టారు. ఇల్లు మాత్రం నిజంగా బాగుంది. మధ్యలో మండువా, చుట్టూ నున్నగా అరిగిన చెక్క స్తంభాలు, పైన మంగళూరు పెంకులు. కొట్టంలో ఉండాల్సిన రాతి తొట్టిని గుమ్మం పక్కకు తెచ్చి, నీళ్లు పోసి బంతిపూలు వేశారు. మామయ్య దాని అంచు మీద చెయ్యి వేసి, "ఇది కుడితి తొట్టమ్మా, పశువులు మెడ రుద్దీ రుద్దీ ఇక్కడ అరిగింది చూడు" అని చూపించాడు. అక్కడ పనిచేసేవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలీదు. ధాన్యం పోసుకునే గదికి ఏసీ బిగించి ప్రైవేట్ డైనింగ్ అన్నారు.

ఇక తిండి. నాటుకోడి పులుసు గోరువెచ్చగా వచ్చింది. రాగి ముద్ద నిమ్మకాయంత. పప్పులో పులుపూ లేదు, కారమూ లేదు. నలుగురికి ఆరు వేలు దాటింది, పైగా సర్వీస్ ఛార్జీ. ఇదేంటండీ అని అడిగితే మేనేజరు, మీరు తిన్నది భోజనం ఒక్కటే కాదు మేడమ్, ఈ ఇంటి చరిత్ర కూడా అన్నాడు. ఆ చరిత్ర గురించి వాళ్లు మాకు ఒక్క మాటైనా చెప్పలేదు. చెప్పండి, దీనికి మనం ఎందుకు కట్టాలి?

బెళ్లందూరు_పాతకాపు (బెంగళూరు):

చెల్లెమ్మా, నీ కోపం అర్థమైంది, పులుసు చల్లారితే నాకూ కోపమే వస్తుంది. కానీ ఇంటి వైపు నుంచి ఒక మాట వినాలి. మాది ఈ చుట్టుపక్కల ఊరే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, తాతల నాటి నుంచీ ఇక్కడే సేద్యం. మా తాత కట్టిన ఇంటికి ఇప్పుడు తొమ్మిది వాటాలు. ఒకరు అమెరికాలో, ఒకరు మైసూరులో, ఇద్దరు మాటల్లో లేరు. ఇంటి పన్ను ఎవరు కట్టాలి, వానకి జారిన పెంకులు ఎవరు సర్దించాలి అని పండక్కి కలిసినప్పుడల్లా గొడవే. అపార్టుమెంట్లు కట్టే బిల్డరు వచ్చి, సగం సగం వాటా, మీకు ఇన్ని ఫ్లాట్లు అంటే తొమ్మిది మందిలో ఏడుగురు సంతకానికి సిద్ధం. ఆ టైంలో హోటలు పెడతామని వచ్చినవాళ్లు నెలకి అద్దె ఇస్తామన్నారు కాబట్టి ఇల్లు మిగిలింది. లేకపోతే ఈపాటికి అక్కడ లిఫ్టూ సెల్లారూ ఉండేవి.

ఈ ఊళ్లో పాత ఇంటిని కాపాడే చట్టం ఉందనుకుంటారు చాలామంది. 1961 నాటి కర్ణాటక చట్టం సంరక్షిత కట్టడంగా నోటిఫై చేసినవాటికే పనికొస్తుంది. మా తాత ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. మల్లేశ్వరంలో విల్లా పొట్టిపాటి సంగతే తీసుకో, ఆంధ్ర నుంచి వచ్చిన భూస్వాముల తోట ఇల్లు అది. పాత కట్టడాలను హోటళ్లుగా మార్చే నీమ్రానా సంస్థ వాళ్లు దాన్ని హెరిటేజ్ హోటల్ చేశారు కాబట్టే నలుగురూ లోపలికి వెళ్లి చూడగలిగారు. వాడకం లేకుండా వదిలేస్తే ఏమవుతుందో లాల్‌బాగ్‌లో కృంబిగల్ హాలు చూశాం కదా. సర్కారు భవనం, నగరం నడిబొడ్డున, అయినా ఏళ్ల తరబడి పట్టించుకోక పాడుబడి, చివరికి 2017లో నేలమట్టమైంది.

బిల్లు_చూడు:

ఇంటి సంగతి మీరు తేల్చుకోండి, సర్వీస్ ఛార్జీ సంగతి నేను చెప్తా. అది కట్టడం మన ఇష్టం. బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగండి, తీయకపోతే 1915కి ఫోన్ చేయండి. మామూలు రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం, అది కట్టక తప్పదు. ఈ రెండూ ఒకటే అన్నట్టు కలిపి చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

గానుగసున్నం:

పాత కట్టడాలు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

బెళ్లందూరు అన్న చెప్పింది నిజం, జనం తిరగని ఇల్లు త్వరగా పోతుంది. కానీ రెస్టారెంటు అయిన ప్రతి ఇల్లూ బతికినట్టు కాదు. గోడ చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో గోడ సున్నంతో కట్టారు. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. అలాంటి గోడ నేలలోంచి తేమ పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఓపెనింగ్ తేదీ దగ్గరపడిందని టెన్షన్‌లో ఎవరో దాని మీద సిమెంటు పూసి, మెరిసే పెయింటు వేస్తారు. ఇక తేమకి దారి లేదు, లోపలే ఉండి ఇటుకని తింటుంది. రెండు వానాకాలాలు గడిచాక మోకాలి ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది, పెచ్చులు ఊడతాయి. అప్పుడు మళ్లీ సిమెంటే పూస్తారు.

పైకప్పు ఇంకా నాజూకు. మద్రాస్ టెర్రస్ అంటారు కదా, టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస చేసిన కప్పు. అది ఎండకి లోపలి గదిని చల్లగా ఉంచుతుంది కానీ దాని మీద నీళ్ల ట్యాంకులూ ఏసీ యూనిట్లూ ఎక్కించకూడదు. నేను చూసిన ఒకచోట నిండు ట్యాంకు కింద దూలం వంగిపోయి ఉంది, దానికిందే నలుగురు కూర్చుని భోంచేస్తున్నారు. నాకు ముద్ద దిగలేదు.

కాబట్టి కోడలు గారూ, డబ్బు కట్టాలా అంటే, ఆ డబ్బు సున్నం పనివాడి కూలికి వెళ్తే సంతోషంగా కట్టండి. ఇత్తడి చెంబులకీ వేలాడే లైట్లకీ వెళ్తే అనవసరం.

కడప_కోడలు:

ఇది నాకు నచ్చింది. మేం కూర్చున్న గది గోడ అడుగున నిజంగానే తెల్లగా రాలుతోంది, అత్తయ్య చీర అంచుకి అంటింది, నేను సున్నమేమో అనుకున్నా. సరే, గోడ సంగతి అలా ఉంచండి. పులుసు ఎందుకు చల్లారింది? ఇల్లు పాతదైతే తిండి కూడా పాతదవ్వాలా? ఇక్కడే రెసిడెన్సీ రోడ్డులో ఆకు వేసి నెయ్యీ పప్పూ వడ్డించే ఆంధ్రా హోటళ్లలో అన్నం నోరు కాలేలా వస్తుంది, ధర ఇందులో ఎన్నో వంతు ఉండదు.

వంటింటి_వెనక (బెంగళూరు):

అక్కా, అలాంటి చోటే వంట చేశాను, కారణం నేను చెప్తా. పాత ఇంటి లోపల హోటలు వంటిల్లు పెట్టలేం. చెక్క కప్పు, సన్న కిటికీలు, పంతొమ్మిది కిలోల గ్యాస్ సిలిండర్లు వరసగా పెడితే ప్రమాదం, ఎగ్జాస్ట్ గొట్టం పోవాలంటే గోడ పగలగొట్టాలి. అందుకని వంటిల్లు వెనకాల పెరట్లో రేకుల షెడ్డు. అక్కడి నుంచి ముందు గదిలో టేబుల్ దాకా పళ్లెం పట్టుకుని పెరడు దాటాలి, మూడు ఎత్తు గడపలు దాటాలి, మండువా చుట్టూ తిరగాలి. వాన పడితే ఒకడు గొడుగు పట్టుకుని పక్కన నడుస్తాడు. మట్టి మూకుడు అడిగితే ఓనరు ఫొటోలకి బాగుంటుందని వెడల్పు పళ్లాలు కొన్నాడు, అందులో పులుసు రెండు నిమిషాల్లో చల్లారుతుంది.

దీనికి మందు లేదని కాదు. మూతపెట్టే గిన్నెలు, వసారాలో ఒక చిన్న వేడి కౌంటరు, మెనూ సగానికి తగ్గించడం, అంతే. మేం ఉన్నచోట నూట ఇరవై ఐటమ్‌లు ఉండేవి, పాస్తా కూడా. రైతు ఇంట్లో పాస్తా ఎందుకని అడిగితే కార్పొరేట్ గ్రూపులు అడుగుతారన్నారు. రాగి ముద్ద, ఉలవచారు, బస్సారు (పప్పూ ఆకుకూరా ఉడికించి వార్చిన నీళ్లతో పెట్టే కన్నడ చారు), అవరె గింజల (అదే, అనప గింజల) సీజన్‌లో చితికిన గింజల కూర, ఇవి నాలుగూ వేడివేడిగా పెట్టినా ఆ ఇంటికి జనం వస్తారు. ముద్ద నిమ్మకాయంత చేయమన్నది కూడా వాళ్లే, పళ్లెంలో అందంగా ఉంటుందట. ముద్ద చల్లారితే గట్టిపడుతుంది, చిన్నదైతే ఇంకా త్వరగా. ఈ సంగతి తెలిసిన ఏ వంటవాడూ అలా చేయడు.

మైలాపూర్_నుంచి (చెన్నై):

నేను వేరే దారి చెప్తాను. పాత ఇల్లు బతకాలంటే అందులో తిండి అమ్మాల్సిందేనా? మా వైపు ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు. పడగొట్టేయబోయే పాత ఇళ్లను కొన్నింటిని కొని, దూలం దూలం విప్పి, అక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మన ఆంధ్ర ఇళ్లూ ఉన్నాయి, ఉమ్మడి విశాఖ జిల్లా హరిపురం చుట్టిల్లు అందులో ఒకటి. మా పిల్లలు మొదటిసారి అక్కడే మట్టి గోడ ముట్టుకున్నారు. టికెట్ కొంటే ఎవరైనా లోపలికి రావచ్చు. మీరు చెప్తున్న చోట ఆరు వేలు ఖర్చుపెట్టగలిగినవాళ్లకే గుమ్మం తెరుచుకుంటుంది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు ఎంతమంది ఆ గడప తొక్కగలరు?

బెళ్లందూరు_పాతకాపు:

మైలాపూర్ గారూ, మ్యూజియం మంచిదే, నేనూ చూశాను. కానీ ఇల్లు విప్పి తీసుకెళ్తే కింద నేల బిల్డరుకే కదా. చింతచెట్టు, బావి, దొడ్డి, పక్కన మా పెద్దల సమాధులు, ఇవన్నీ లారీలో ఎక్కవు. ఎంతమంది గడప తొక్కగలరన్న మాట మాత్రం నన్ను గుచ్చింది. మా అద్దె కాగితంలో ఉగాదికీ ఊరి జాతరకీ ఇల్లు మాకు వదలాలని రాయించాం, ఆ రెండు రోజులూ ఊళ్లో అందరికీ అక్కడే భోజనం.

పక్కవీధి:

ఇల్లు, గోడ, ముద్ద అంటున్నారు, పక్కింటివాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వీధి వెడల్పు ఇరవై అడుగులు. శని, ఆదివారాలు మా గేటు ముందు కార్లు, రాత్రి పదకొండు దాకా జనరేటరు. మా అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. వాలే పార్కింగ్ కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి కార్లు తీశారు, వాళ్లనేం అనను. కానీ లైసెన్సు ఇచ్చేటప్పుడు బండ్లు ఎక్కడ పెడతారని ఎవరూ అడగలేదా? వైట్‌ఫీల్డ్‌లో ఇన్నర్ సర్కిల్ చూడండి, 1882లో ఆంగ్లో ఇండియన్ల సేద్యపు కాలనీగా, పెద్ద పెద్ద తోటలతో వేసిన ఊరు అది. గుర్రబ్బండ్లు తిరిగిన దారుల్లో ఇన్ని కార్లు ఎలా పడతాయి?

గానుగసున్నం:

మీ బాధ న్యాయమైనది. దీనికి నా దగ్గర సమాధానం ఒకటే, సీట్లు తగ్గించాలి. పాత ఇల్లు మోయగలిగినంత మందే రావాలి, అది కప్పుకీ మంచిది, వీధికీ మంచిది. సీట్లు తగ్గితే ధర పెరుగుతుంది, కోడలు గారికి కోపం వస్తుంది, ఆ సంగతి దాచను.

ఇంకోటి, ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు బావి చూడండి. చాలాచోట్ల బావి మీద గాజు పలక పరిచి లోపల నీలం లైటు పెడతారు. 2024 వేసవిలో ఈ నగరం నీళ్లకి ఎంత అల్లాడిందో అందరికీ గుర్తే. చేతిలో బావి పెట్టుకుని ట్యాంకరు కొంటున్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఊళ్లో బావులు తవ్వే మన్ను వడ్డెరలు ఇప్పటికీ ఉన్నారు, ఇంట్లో మన తెలుగే మాట్లాడతారు, పూడిక తీసి పెంకుల మీద పడిన వాననీటిని వడకట్టి బావిలోకి మళ్లించడం వాళ్లకి చేతిలో పని. ఒక లైటింగ్ డిజైనరుకి ఇచ్చే డబ్బులో కొంచెం చాలు.

కడప_కోడలు:

అందరి మాటా విన్నాక కూడా బిల్లు విషయంలో నేను అక్కడే ఉన్నా. ఇంటి కోసం డబ్బు కావాలంటే కూర ధరలో దాచకుండా ఇంటి మరమ్మతుకి ఇంత అని వేరే గీతలో రాయమనండి, ఈ ఏడాది ఏ గోడ బాగుచేశారో గుమ్మం దగ్గర కాగితం అంటించమనండి. అప్పుడు నేను నూరో రెండు నూర్లో మారుమాట లేకుండా ఇస్తా. కానీ పులుసు వేడిగా రావాలి. ఈసారి వెళ్తే ఆ కుడితి తొట్టి గురించి వడ్డించే కుర్రాడికి మా మామయ్యతోనే చెప్పిస్తా, వచ్చినవాళ్లకి వాడైనా చెప్తాడు.

బెళ్లందూరు_పాతకాపు:

వేరే గీత మాట బాగుంది, చెల్లెమ్మా. మా లీజు వచ్చే సంక్రాంతికి రెన్యువల్. ట్యాంకు కప్పు మీద నుంచి దించాలి, బావి మూత తీయాలి, సిమెంటు పని మమ్మల్ని అడక్కుండా చేయకూడదు, ఈ మూడూ రాయించబోతున్నా. మిగతా వాటాదార్లలో ఇద్దరు ఒప్పుకోరు, అద్దె తగ్గుతుందని భయం, వాళ్లతో నేను మాట్లాడుకుంటా. గానుగసున్నం గారూ, పడమటి గదిలో ఒక దూలం చివర గోడలోకి దిగేచోట నల్లబడింది, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. వానలు మొదలయ్యేలోపు ఒకసారి వచ్చి చూడగలరా? నంబరు మెసేజ్‌లో పెడుతున్నా.