అప్‌డేట్: తోట కంచె పని దాదాపు పూర్తయింది

తోట చుట్టూ చెక్క కంచె వేయించాలా, జింకు పూత ఉన్న ఇనుప జాలీ వేయించాలా అని లోగడ అడిగాను. చివరకు జాలీనే ఎంచుకున్నాను. చెక్క గుంజలు నేలమట్టం దగ్గరే ముందుగా కుళ్ళుతాయని మీలో కొందరు చెప్పిన మాట, పాత గుంజలను పెకలించి చూడగానే రుజువైంది. ముగ్గురు పనివారికి స్థలం చూపించాను. ఇద్దరు గుంతల లోతు ఊసే ఎత్తలేదు. మూడో ఆయన మాత్రం స్తంభం పొడవులో దాదాపు మూడో వంతు భూమిలో ఉండాలనీ, మూల స్తంభాలకు ఏటవాలు ఊతాలు తప్పనిసరనీ కాగితం మీద రాసిచ్చారు. కాస్త ఎక్కువ అడిగినా ఆయనకే పని అప్పగించాను. అయినా కాంక్రీటు గట్టిపడకముందే ఆయన మనుషులు జాలీ లాగి బిగించడంతో ఒక మూల స్తంభం లోపలికి వాలింది. దాన్ని తీసి మళ్ళీ నిలబెట్టి, ఈసారి వారం ఆగారు. గేటు అడుగు ఇంకా నేలకు రాసుకుంటోంది. అది సరిచేశాకే ఆఖరి విడత సొమ్ము ఇస్తానని చెప్పాను.