రాతపరీక్ష మార్కులకూ పనితనానికీ సంబంధం ఉందా?

ప్రశ్న:
మా సంస్థలో ఉద్యోగ ఎంపికకు అందరికీ ఒకే రాతపరీక్ష పెట్టి, నూటికి 70 దాటినవారినే ఇంటర్వ్యూకు పిలుస్తాం. మూడేళ్ల రికార్డులు ముందేసుకుని చూస్తే, 92 తెచ్చుకున్నవారికీ 71తో గట్టెక్కినవారికీ పనిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పరీక్షను ఎత్తివేయడం మంచిదా? కాలేజీ ప్రవేశాల అనుభవం ఉన్నవారు కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం:
అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి. మీరు పోల్చినవారంతా వడపోతలో నిలిచినవారే. 40 వచ్చినవారు మీ దగ్గర పనిచేయనే లేదు కనుక, వారు ఎలా చేసేవారో ఆ రికార్డులు చెప్పలేవు. పైగా 71తో వచ్చినవారు ఇంటర్వ్యూలో ఏదో ప్రత్యేకత చూపితేనే ఎంపికై ఉంటారు, పనిలోనూ అదే వారిని నిలబెట్టి ఉండవచ్చు. ఈ చిక్కును లెక్కగట్టి సరిదిద్దే పద్ధతులున్నా, ఎంత సరిదిద్దాలన్న దానిపై నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. 1998లో పరిశోధకులు ష్మిట్, హంటర్‌లు మేధాశక్తి పరీక్షలకూ పనితనానికీ మధ్య సహసంబంధాన్ని (0 అంటే పొంతనే లేదు, 1 అంటే పూర్తి పొంతన) 0.51గా చూపారు, ఆ దిద్దుబాటు మోతాదు మించిందంటూ 2022లో సాకెట్ బృందం దాన్ని 0.31కి తగ్గించి, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42తో మొదటి స్థానమిచ్చింది. నా దృష్టిలో ముందు బాగుచేసుకోవలసింది మీ ఇంటర్వ్యూను.

రెండో సమాధానం:
1971లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ తీర్పు చూడండి. కూలిపని విభాగం నుంచి పైకి రావాలంటే హైస్కూలు పట్టా గాని, రెండు పరీక్షల్లో ఉత్తీర్ణత గాని ఉండాలన్న నిబంధన వల్ల నల్లజాతి కార్మికులు అక్కడే ఉండిపోయారు. అంతకుముందు చేరిన, పట్టా లేని తెల్లవారు మాత్రం అవే పై పనులను చక్కగా చేసుకుపోతున్నారు. దురుద్దేశం లేకపోయినా, ఒక వర్గాన్ని తోసివేసే పరీక్షకు పనితో సంబంధం చూపలేకపోతే అది చెల్లదని కోర్టు తేల్చింది.

మూడో సమాధానం:
ప్రవేశ దరఖాస్తులు చదివే పనిలో ఉన్నాను. 2020లో శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్షను పక్కనపెట్టిన అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీ, ఉన్నత గణితం నేర్పని పాఠశాలల పిల్లల సత్తా తెలియడానికి అది అవసరమంటూ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. మార్కులు పంపడం ఐచ్ఛికమైన రోజుల్లో, పేదింటి విద్యార్థులు తమకు మేలుచేసే మార్కులనే తక్కువనుకుని దాచుకున్నారని అక్కడిదే మరో కాలేజీ అయిన డార్ట్‌మత్ అధ్యయనంలో బయటపడింది. 1600కు 1400 అన్న అంకె, తోటివారి సగటు 1000 దాటని పాఠశాల నుంచి వచ్చిందంటే నేను ఆ దరఖాస్తును మళ్లీ మొదటి నుంచి చదువుతాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 70 అన్న గీతను ఎవరు, ఎందుకు గీశారని ఫైళ్లు తిరగేస్తే ఒక్క కాగితమూ దొరకలేదు. వచ్చే ఎంపికలో 55 దాటినవారందరికీ మా ఉద్యోగులు రోజూ చేసే పనిలోంచే ఒక భాగం ఇచ్చి చేయిస్తాం. దాన్ని దిద్దేవారికి రాతపరీక్ష మార్కులు తెలియనివ్వం.