ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ 2016 నుంచి 2024కి మారాక ప్లాటర్ సెట్టింగులు పోయాయి, ఫైళ్లు కన్సల్టెంట్ దగ్గర తెరుచుకోవట్లేదు

బెజవాడ_డ్రాఫ్టింగ్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు, 24 అంగుళాల రోల్ ప్లాటర్ (పెద్ద షీట్ల ప్రింటర్) ఒకటుంది. ఇన్నాళ్లూ బిల్డింగ్ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ 2016 మీదే పని చేశాం. కొత్త సిస్టం కొన్నప్పుడు 2024 వేయించాం, దాంతోపాటు ప్లాటర్ డ్రైవర్ కూడా కొత్తదే పడింది. అప్పటి నుంచి పాత డ్రాయింగు ఏది తెరిచినా పేజ్ సెటప్‌లో ప్లాటర్ పేరు దగ్గర నన్ (ఏదీ లేదు) అని వస్తోంది. పొడవు ఎలివేషన్ల కోసం మేం చేసుకున్న 594 × 1100 మిల్లీమీటర్ల పేపరు సైజు లిస్టులో కనిపించట్లేదు, గీతలన్నీ ఒకే మందంలో ప్రింట్ అవుతున్నాయి. ఇది కాక, గుంటూరులో ఉన్న మా స్ట్రక్చరల్ ఇంజినీరు గారి దగ్గర 2014 ఉంది, మా ఫైలు ఆయనకి అసలు ఓపెన్ అవట్లేదంటున్నారు. 2016 ఫైళ్లు మాత్రం ఆయనకి బాగానే తెరుచుకునేవి. ఈ వారంలో స్లాబు డ్రాయింగులు సైట్‌కి పంపాలి, చాలా టెన్షన్‌గా ఉంది. పాత సిస్టం ఇంకా ఆన్‌లోనే ఉంది.

ప్లాట్‌రూం:

పాత సిస్టం ఉందంటే సగం పని అయినట్టే, దాన్ని ఫార్మాట్ మాత్రం చేయనివ్వకండి. ప్లాటర్ సెట్టింగులు డ్రాయింగులో ఉండవండి. డ్రాయింగులోని పేజ్ సెటప్ పేర్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది: ఫలానా పీసీ3 (ప్లాటర్ సెట్టింగుల ఫైలు), ఫలానా పేపరు, ఫలానా సీటీబీ (గీతల మందం చెప్పే ఫైలు) అని. ఆ ఫైళ్లు విండోస్ యూజర్ ఫోల్డర్లో, ప్రతి వెర్షన్‌కీ వేరే చోట ఉంటాయి, కాబట్టి 2024 వెళ్లి 2016 ఫోల్డర్లో వెతకదు. పాత సిస్టంలో కమాండ్ లైన్లో ప్లాటర్‌మేనేజర్ అని కొట్టండి, ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులోని పీసీ3లన్నీ, లోపల ఉన్న పీఎంపీ (సొంత పేపరు సైజులు ఉండే ఫైళ్లు) ఫోల్డర్‌తో సహా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. స్టైల్స్‌మేనేజర్ కొడితే సీటీబీల ఫోల్డర్ వస్తుంది, అదీ తీసుకోండి. కొత్త సిస్టంలో అవే రెండు కమాండ్లు కొట్టి ఆ ఫోల్డర్లలో వేయండి. సీటీబీ రాగానే గీతల మందం దానంతటదే సరైపోతుంది, ఎందుకంటే డ్రాయింగు ఆ పేరు కోసమే వెతుకుతోంది.

పేపరు సైజు దగ్గర కొంచెం జాగ్రత్త. పీసీ3 మీద డబుల్ క్లిక్ చేసి జనరల్ ట్యాబ్‌లో డ్రైవర్ పేరు చూడండి. ఆటోక్యాడ్ సొంత హెచ్‌పీ-జీఎల్/2 డ్రైవర్ అయితే మీ 594 × 1100 పీఎంపీ ఫైల్లోనే ఉంది. పీసీ3 తన పీఎంపీ ఎక్కడుందో పాత దారితో సహా రాసుకుంటుంది, కొత్త సిస్టంలో ఆ దారి ఉండదు కాబట్టి సైజు మాయమైనట్టు కనిపిస్తుంది. డివైస్ అండ్ డాక్యుమెంట్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో యూజర్ డిఫైన్డ్ పేపర్ సైజెస్ కింద పీఎంపీ ఫైల్ నేమ్ మీద నొక్కి, అటాచ్ కొట్టి, మీరు తెచ్చిన ఫైలు చూపించండి. దయచేసి సైజుని చేత్తో మళ్లీ తయారుచేయకండి. పీఎంపీ అటాచ్ చేస్తే పాత సైజు, దాని పాత మార్జిన్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, ప్రతి షీటు తెరిచి దిద్దే పని తప్పుతుంది.

అక్కడ విండోస్ సిస్టం డ్రైవర్ అని ఉంటే దారి వేరు. పొడవు సైజు అప్పుడు విండోస్‌లో ప్లాటర్ డ్రైవర్ ప్రాపర్టీస్‌లో చేసుకోవాలి, ఆటోక్యాడ్ లోపల కాదు. పాత డ్రైవర్‌తో సేవ్ అయిన పీసీ3ని కొత్త డ్రైవర్ మీద నడిపిస్తే ప్లాట్ మధ్యలో ఆటోక్యాడ్ ఆగిపోయే ప్రమాదం ఉంది, అందుకే పాతది పక్కకి తీసేసి యాడ్ ఎ ప్లాటర్ విజార్డ్‌తో కొత్తది చేయండి, పేరు మాత్రం అక్షరం తేడా లేకుండా పాతదే పెట్టండి. అప్పుడు పాత డ్రాయింగులు దాన్ని గుర్తుపడతాయి.

కాకినాడ_ఆర్చ్:

ఫైళ్ల సంగతి నేను చెప్తాను. 2013 నుంచి 2017 దాకా డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగు ఫైలు) ఫార్మాట్ ఒక్కటే, అందుకే మీ 2016 ఫైలు ఆయన 2014లో హాయిగా తెరుచుకుంది. 2018లో ఫార్మాట్ మారింది, 2024 ఆ కొత్తదాంట్లోనే సేవ్ చేస్తుంది. ఏ ఫైలు ఏదో తెలియకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూడండి, ఏసీ1027 అంటే 2013 ఫార్మాట్, ఏసీ1032 అంటే 2018ది. చూశాక సేవ్ చేయకుండా మూసేయాలి సుమా.

సేవ్ యాజ్‌లో 2013 ఎంచుకుంటే చాలని చాలామంది చెప్తారు. మామూలు గీతల డ్రాయింగుకి అది సరిపోతుంది. మీది ఆర్కిటెక్చర్ కాబట్టి గోడలు, తలుపులు, కిటికీలు ఆబ్జెక్టులు, వాటి వెర్షన్ కూడా మారిపోయి ఉంటుంది, ఆయన దగ్గర అవి సరిగ్గా కనిపించకపోవచ్చు. అందుకని ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్ వాడి 2013 ఫార్మాట్ ఎంచుకోండి. ఆబ్జెక్టులన్నీ మామూలు గీతలుగా మారి వేరే ఫైలుగా వస్తాయి, పేరు ముందు ఏసీఏడీ అని తగిలిస్తుంది. ఆ పేరు అలాగే ఉంచండి! అది ఒకవైపు దారే, గీతలుగా మారిన గోడ మళ్లీ గోడ అవ్వదు. అసలు ఫైలు మీద దాన్ని పొరపాటున సేవ్ చేస్తే ప్రాజెక్టు మొత్తం మళ్లీ గీసుకోవాలి.

బెజవాడ_డ్రాఫ్టింగ్:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండి. సీటీబీ వేయగానే గీతలు సరయ్యాయి. మాది హెచ్‌పీ-జీఎల్/2నే, పీఎంపీ అటాచ్ చేశాక 594 × 1100 వచ్చేసింది. ఎక్స్‌పోర్ట్ ఫైలు ఇంజినీరు గారికి తెరుచుకుంది. ఇంకొక్క డౌటు, ప్లాట్ కొట్టాక 1:100 షీటు మీద స్కేలు పెట్టి కొలిస్తే 6 మీటర్ల గ్రిడ్డు 60 మిల్లీమీటర్లు రాకుండా కాస్త తక్కువ వస్తోంది, ఎందుకు?

ప్లాట్‌రూం:

ఆ షీట్లు సైట్‌కి వెళ్లకుండా ఆపండి ముందు. ప్లాటర్ నన్ అయి ఉన్నప్పుడు ఎవరో పేజ్ సెటప్ మార్చి సేవ్ చేసినట్టున్నారు, స్కేలు దగ్గర ఫిట్ టు పేపర్ టిక్ అయి ఉందేమో చూడండి. అది తీసేసి 1:1 పెట్టండి, 1:100 లేఅవుట్ వ్యూపోర్టులోనే (షీటు మీద డ్రాయింగు కనిపించే ఫ్రేములోనే) ఉంటుంది. ప్లాట్ ఏరియా కూడా లేఅవుట్ అనే ఉండాలి. ఒక డ్రాయింగులో సరిచేసి పేజ్ సెటప్‌కి పేరు పెట్టుకుంటే మిగతా వాటిలోకి పీసెటప్‌ఇన్ కమాండ్‌తో తెచ్చుకోవచ్చు. డైమెన్షన్ రాయని చోట మేస్త్రి కాగితం మీదే కొలుస్తాడండి, ఒక మిల్లీమీటరు తక్కువొస్తే అక్కడ పది సెంటీమీటర్లు పోతుంది.

అలాగే ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్‌లో ప్రింటర్ సపోర్ట్ ఫైల్ పాత్ కింద పీసీ3, పీఎంపీ, సీటీబీ మూడింటికీ సర్వర్ ఫోల్డర్ ఒకటి చూపించండి, ఆఫీసులో ప్రతి సిస్టంలోనూ. వచ్చే అప్‌గ్రేడ్‌కి ఆ దారి ఒక్కటి ఇస్తే సరిపోతుంది.

బెజవాడ_డ్రాఫ్టింగ్:

ఫిట్ టు పేపరే ఉందండి. తీసేసి మళ్లీ కొట్టాను, 60 సరిగ్గా వచ్చింది. పాత షీట్లు చింపించేశాను. సర్వర్ ఫోల్డర్ పని రేపు పెట్టుకుంటాం.