వమ్మయ్యేది ఆశ, నిలిచేది నిరీక్షణా?

నీలిసిరా: "భక్తిహీనుని ఆశ నిరర్థకమగును..." తర్వాత ఏదో ఉంది, ఆపై "అతడు ఆశ్రయించునది సాలెపురుగు పట్టే". బైబిల్లో యోబు 8వ అధ్యాయం. మధ్య ముక్క పొద్దుటి నుంచి సతాయిస్తోంది. ఇక్కడ 'ఆశ' అన్న తెలుగు బైబిల్ అనువాదకులు రోమా 5:5కి వచ్చేసరికి "ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు" అన్నారు. వమ్మయ్యేదానికి ఆశ, నిలిచేదానికి నిరీక్షణ అని కావాలనే విడదీశారంటారా?

అరసున్న: "అతని ఆశ భంగమగును." మీ విభజన మాత్రం నిలవదు. సామెతలు 10:28: "నీతిమంతుని ఆశ సంతోషము పుట్టించును." నీతిమంతుడికీ ఆశే ఇచ్చారు!

గసడదవ: ఆశ సంగతి సరే, నిరీక్షణలో 'నిర్' గురించి ఎవరూ అడగరేం? నిర్జనం, నిర్దోషి, ఆ వరసలో నిర్+ఈక్షణ అంటే చూపుకి అందనిది. రోమా 8:24 అదేగా: "తాను చూచుచున్నదాని కొరకు ఎవడు నిరీక్షించును?"

అరసున్న: అయితే నిర్ణయం అంటే నయం లేనిదా? నిర్‌కి లేమి ఒక్కటే అర్థం కాదు. సంస్కృతంలో నిరీక్షణానికి ముందు అర్థం తేరిపార చూడటం. ఎదురుచూపు ఆ తర్వాతే.

తాళపత్రం: మీరిద్దరూ ఒక్క అక్షరం పట్టుకు లాగుతుంటే యోబు కవి పక్కన పడిపోయాడు. హీబ్రూలో ఆశ 'తిక్వా'. యెహోషువ గ్రంథంలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారం దగ్గరా అదే మాట, అక్కడ దారం అని అర్థం. యోబు 7:6లో రోజులు నేతగాని నాడె (మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తేది) కంటే వడిగా పోతున్నాయి, "నిరీక్షణ లేక" ముగుస్తున్నాయి. అంటే మగ్గం మీద దారమూ అయిపోయింది! వెంటనే యోబు స్నేహితుడు బిల్దదు లేచి సాలెపట్టు అంటాడు. ఏం కవి అండీ! 7:6లో నిరీక్షణ, 8:13లో ఆశ, మూలంలో రెండూ తిక్వానే.

నీలిసిరా: నా థియరీ పోయింది, సరే. కానీ బిల్దదు మాటని ప్రమాణంగా తీసుకోవచ్చా? 42:7లో దేవుడే ఆ స్నేహితుల మీద కోప్పడ్డాడు కదా.

తాళపత్రం: మాట తప్పు కాదు, దాన్ని యోబుకి తగిలించడం తప్పు. ఉత్తుత్తి ఆశ చూడాలంటే యిర్మీయా 28కి వెళ్లండి. బబులోనుకి పోయినదంతా రెండేళ్లలో తిరిగొచ్చేస్తుందని హనన్యా అనే ప్రవక్త అంటే, యిర్మీయా ముందు ఆమేన్ అన్నాడు. ఆయనకి మాత్రం ఇష్టం లేకనా? తర్వాతి అధ్యాయంలో, అక్కడ చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరంలో 70 ఏళ్లన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. అందరూ వాట్సాప్‌లో పంపుకునే 29:11 నిరీక్షణ ఆ ఉత్తరంలోదే. 11వ వచనం పంపేవాళ్లు, 70 ఏళ్ల మాట ఉన్న 10వ వచనం పంపరు. విన్నవాళ్లలో చాలామంది ఆ 70 ఏళ్ల చివర చూడరని తెలిసీ రాసిన మాట అది.

గసడదవ: చూడరు! నేననేదీ అదే, నిర్ ఈక్షణ.

అరసున్న: మళ్లీ మొదలు. రోమా పత్రికలో నిరీక్షణకి ఉన్న గ్రీకు మాట 'ఎల్పిస్'లో చూపు అనే ధాతువే లేదు. తెలుగులో అలా కుదిరిందంతే, కాకతాళీయం. మీ నిర్ పనిచేసేది నిరాశలో.

గసడదవ: కాకతాళీయమని తేల్చేశారు, ఆధారం?